తొరపల్లి రాజాజీ.. ఒంటిపూట బడి పంతం

హోసూరు: ఒంటిపూట బడి అనగానే మనకు గుర్తొచ్చేది ఎండాకాలం. సరిహద్దు దాటి కుప్పం వైపు వెళ్తే ఎండలు ముదిరే వేళకు పిల్లలు సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నానికే ఇల్లు చేరుతుంటారు. అదేదో నాలుగు వారాల ముచ్చట. కానీ ఏడాది పొడవునా పల్లెటూరి బడులన్నీ ఒంటిపూటే నడవాలని ఒక ముఖ్యమంత్రి 1953లో పట్టుబట్టారు. ఆ పంతం ఊరూరా గొడవ రేపింది. శాసనసభను రెండుగా చీల్చింది. చివరికి ఆయన కుర్చీకే ఎసరు పెట్టింది.

ఆ ముఖ్యమంత్రి ఎక్కడివారో కాదు. మన హోసూరు పక్కనున్న తొరపల్లిలో పుట్టినవారు. హోసూరు బడిలో చదివినవారు. చక్రవర్తి రాజగోపాలాచారి, అందరికీ తెలిసిన రాజాజీ. గవర్నర్ జనరల్‌గా, గాంధీజీ వియ్యంకుడిగా, రామాయణ భారతాల రచయితగా ఆయన గురించి చెప్పుకోవడం మామూలే. ప్రాథమిక బడికీ, అందులో పనిచేసే అయ్యవారికీ ఆయన జీవితంతో ఉన్న ముడి గురించి మాత్రం చెప్పుకునేది తక్కువ. నిజానికి మన పల్లె బడుల్లో టీచర్లు ఈ రోజుకీ పడుతున్న బరువు సంగతి అర్థం కావాలంటే ఆ కథ తెలియాలి.

మునసబు గారింట పుట్టి..

రాజాజీ 1878 డిసెంబరు 10న తొరపల్లిలో పుట్టారు. అప్పట్లో హోసూరు తాలూకా సేలం జిల్లాలో ఉండేది. తండ్రి చక్రవర్తి వెంకటార్య అయ్యంగార్ ఆ ఊరి మునసబు. తల్లి సింగారమ్మ. ముగ్గురు కొడుకుల్లో ఈయనే చిన్నవారు. అక్షరాలు తొరపల్లి వీధి బడిలోనే మొదలయ్యాయి.

అయిదేళ్ళ వయసులో కుటుంబం హోసూరుకు మారింది. ఇప్పుడు ఆర్.వి. ప్రభుత్వ బాలుర హయ్యర్ సెకండరీ స్కూలుగా పిలుస్తున్న బడిలో చేరారు. 1891లో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. అప్పటికి పట్టుమని పదమూడేళ్ళు నిండలేదు. అక్కడి నుంచి బెంగళూరు సెంట్రల్ కాలేజీ. 1894లో బీఏ. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లా. 1900 నుంచి సేలంలో వకీలు.

తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే తాలూకా ఇది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇలాంటి మారుమూల తాలూకాలోని ఒక మునసబు కొడుకు పాతికేళ్ళు నిండేలోపే పేరున్న వకీలు కాగలిగాడంటే దానికి మొదటి మెట్టు బడే. రోజంతా కూర్చోబెట్టి చదివించిన బడి. ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీంతో పనుంది.

సేలంలో.. ఆశ్రమంలో..

సేలంలో ప్రాక్టీసు బాగా సాగింది. పేరొచ్చింది, డబ్బొచ్చింది. 1911లో మునిసిపాలిటీ సభ్యుడయ్యారు. 1917 నుంచి 1919 దాకా ఛైర్మన్‌గా పనిచేశారు. కుళాయి నీళ్ళు, వీధి దీపాలు, దళితులను ఊరి పనుల్లో సమానంగా చూడటం.. వీటి మీద పట్టుదలగా నిలబడ్డారు. దాంతో సొంత సమాజంలోనే విరోధాలు తెచ్చుకున్నారు.

అదే కాలంలో ఆయన మనసు పెట్టిన పని ఇంకొకటుంది. సైన్సును మాతృభాషలో చెప్పాలంటే మాటలు కావాలి కదా. 1916లో మిత్రులతో కలిసి తమిళ శాస్త్ర పదాల సంఘం పెట్టారు. రసాయన శాస్త్రాన్ని అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినట్టు చెప్పే తమిళ పుస్తకం ఒకటి తర్వాత ఆయనే రాశారు. పిల్లలకు తెలిసిన భాషలో చెబితే ఎంతటి విషయమైనా ఎక్కుతుందన్నది ఆయన నమ్మకం. క్లాసులో నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం చేయకపోయినా అయ్యవారి బుద్ధి ఆయనలో ఉందనడానికి ఇదొక్కటి చాలు.

1919లో రౌలట్ చట్టం వచ్చింది. గాంధీజీ పిలుపుతో వకీలు కోటు విప్పేశారు. 1921 డిసెంబరులో వేలూరు జైలుకు వెళ్ళారు. 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం పెట్టారు. రాట్నం, ఖద్దరు, కల్లు మానిపించడం, అంటరానితనం పోగొట్టడం అక్కడి పనులు. 1930 ఏప్రిల్‌లో తిరుచ్చి నుంచి వేదారణ్యానికి ఉప్పు యాత్ర నడిపించారు. కూతురు లక్ష్మి పెళ్ళి 1933లో గాంధీజీ కొడుకు దేవదాసుతో జరిగింది.

మొదటి విడత పాలన

1937 జులైలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. ప్రెసిడెన్సీ మొత్తమ్మీద మొదటి జిల్లా అదే. అంటే హోసూరు, కృష్ణగిరిల్లో కల్లు, సారాయి దుకాణాలు అందరికన్నా ముందు మూతపడ్డాయి. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకూ పాకింది. పోయిన ఎక్సైజు రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు.

బడుల విషయంలో మాత్రం చెయ్యి కాల్చుకున్నారు. 1938లో హైస్కూలు మొదటి మూడు ఫారాల్లో హిందీని తప్పనిసరి చేశారు. తమిళ జిల్లాల్లో పెద్ద ఎత్తున ఆందోళన లేచింది. వెయ్యిమందికి పైగా జైలుకు వెళ్ళారు. 1939 అక్టోబరులో యుద్ధం విషయమై కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1940 ఫిబ్రవరిలో గవర్నరు ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. పైనుంచి ఒక ఉత్తర్వు పంపితే బడిలో అమలైపోతుందనుకోవడం ఎంత పొరపాటో అప్పుడే తేలింది. ఆ పాఠం పాలకులకు ఎక్కలేదని 1953 చెబుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. 1948 జూన్ 21 నుంచి 1950 జనవరి 26 దాకా భారతదేశపు గవర్నర్ జనరల్. ఆ పదవిలో కూర్చున్న ఒకే ఒక్క భారతీయుడు, ఆఖరివారు కూడా ఆయనే. పటేల్ తర్వాత కేంద్ర హోంమంత్రిగానూ కొంతకాలం పనిచేశారు. 1952 ఏప్రిల్ 10న మళ్ళీ మద్రాసు ముఖ్యమంత్రి. అప్పటికి వయసు 73.

తెలుగువారితో పేచీ

ఆ రెండో విడతలోనే తెలుగువారికి ఆయన మీద కినుక పెరిగింది. ప్రత్యేక రాష్ట్రం కోసం నిరాహార దీక్ష పట్టిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న మద్రాసులో కన్నుమూశారు. అప్పుడు ముఖ్యమంత్రి రాజాజీ. మద్రాసు నగరాన్ని ఆంధ్రకు ఇచ్చేది లేదని గట్టిగా నిలబడ్డారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయనకు పాత ప్రత్యర్థి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు దానికి మొదటి ముఖ్యమంత్రి. తెలుగు వారు ఎంతమంది ఉన్నా హోసూరు తాలూకా సేలం జిల్లాలోనే, మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1956 పునర్విభజనలోనూ మార్పు రాలేదు.

విభజన గొడవ ఒకపక్క నడుస్తుండగానే ఒంటిపూట బడి వచ్చి పడింది.

అసలు ఆ పథకం ఏమిటి?

రాజ్యాంగంలోని 45వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పింది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. బడులు చాలవు. గదులు చాలవు. అయ్యవార్లు అసలే చాలరు. ఖజానా చూస్తే ఖాళీ.

రాజాజీ వేసిన లెక్క సూటిగా ఉంటుంది. పిల్లాడు అయిదు గంటలు బడిలో కూర్చుంటున్నాడు. దాన్ని మూడు గంటలు చేద్దాం. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. అదే గది, అదే అయ్యవారు. ఉదాహరణకు నలభైమంది పట్టే బడిలో ఎనభైమందికి చదువు చెప్పొచ్చు. కొత్తగా గోడ కట్టక్కర్లేదు, కొత్త జీతం ఇవ్వక్కర్లేదు. మిగిలిన పూట పిల్లాడు ఇంట్లో తల్లిదండ్రుల పని చూసి నేర్చుకోవాలి. ఊరి పనుల్లో ఓ చెయ్యి వేయాలి. 1953 జూన్‌లో బడులు తెరిచేసరికి పల్లెల్లో ఈ పథకం మొదలైంది. పట్టణాలకు వర్తించదు.

కాగితం మీద బాగానే కనబడింది. పల్లెలో పేద తల్లిదండ్రులు పిల్లాణ్ణి రోజంతా బడికి పంపలేక అసలే మాన్పించేస్తున్నారు. ఒక పూటైనా పంపుతారు కదా అన్న ఆలోచనా అందులో ఉంది. చేతిపనిని చిన్నచూపు చూడకూడదన్న గాంధీ మాటా ఉంది.

అయితే ఇక్కడే ఒక తేడా గమనించాలి. 1937లో వార్ధాలో గాంధీజీ తెచ్చిన నయీ తాలీంలో చేతిపని బడి లోపలే ఉంటుంది. అయ్యవారే నేర్పాలి. నూలు వడుకుతూ లెక్కలు, తోట వేస్తూ ప్రకృతి పాఠం. ఏ కులం పిల్లాడైనా అదే రాట్నం దగ్గర కూర్చోవాలి. రాజాజీ పథకంలో చేతిపని బడి గడప దాటి ఇంటికి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్తే ఉండేది కులం పనే. కుమ్మరి కొడుక్కి సారె, చాకలి కొడుక్కి బండ, కూలీ కొడుక్కి పొలం గట్టు. మునసబు కొడుక్కి మాత్రం కచేరీ. పెరియార్ రామస్వామి, డీఎంకే నాయకులు దీన్ని పట్టుకున్నారు. కులక్కల్వి, అంటే కులవిద్య అని పేరు పెట్టారు. ఆ పేరు అంటుకుపోయింది. ఇక ఎన్ని వివరణలిచ్చినా వదల్లేదు.

అయ్యవారి నెత్తిన ఎంత?

ఈ గొడవలో కులం గురించి జరిగిన చర్చ అందరికీ తెలుసు. అయ్యవారి గురించి మాట్లాడినవారు తక్కువ. లెక్క చూడండి. పిల్లాడికి మూడు గంటలే. అయ్యవారికి మూడు రెళ్ళు ఆరు. పొద్దున చెప్పిన పాఠమే మధ్యాహ్నం మళ్ళీ చెప్పాలి. ఒక జట్టు పలకలు దిద్దడం అయ్యీ అవకముందే రెండో జట్టు వచ్చేస్తుంది. రెండు హాజరు పట్టీలు. రెండింతల పేర్లు, రెండింతల తల్లిదండ్రులు.

ఆ రోజుల్లో పల్లె బడి అంటే చాలా చోట్ల ఒక్క అయ్యవారే. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో. ఒకటో తరగతి దిద్దుతుంటే మూడో తరగతికి ఎక్కాలు, అయిదో తరగతికి చదువు పుస్తకం. బడి వదిలాక కూడా ఆయనకు తీరిక ఉండదు. చాలా ఊళ్ళలో బ్రాంచి పోస్టు మాస్టరు కూడా ఆయనే. ఉత్తరం వస్తే చదివి పెట్టాలి, జవాబు రాసి పెట్టాలి. 1951 జనగణన, 1952 తొలి ఎన్నికలు.. చదువొచ్చిన ప్రభుత్వ మనిషి కావాలంటే ఊళ్ళో దొరికేది అయ్యవారే. ఇన్ని మోస్తున్న మనిషి మీద రెండో పూట కూడా పెట్టారు. ఖర్చు లేని పథకం అన్నారు గానీ ఖర్చు ఎవరో ఒకరు పెట్టక తప్పదు. ఇక్కడ పెట్టింది అయ్యవారు తన ఒంట్లోంచి, పిల్లాడు తన చదువులోంచి.

సభలో సమానం.. కుర్చీకి దూరం

పథకాన్ని పార్టీలోనూ, సభలోనూ సరిగా చర్చించకుండానే తెచ్చారన్న విమర్శ సొంత కాంగ్రెస్‌లోనే వచ్చింది. 1953 జులైలో డీఎంకే మూడు వైపుల నుంచి పోరాటం మొదలెట్టింది. అందులో ఒకటి రాజాజీ ఇంటి ముందు పికెటింగు. జులై 29న పథకాన్ని ఎత్తేయాలని శాసనసభలో తీర్మానం వచ్చింది. ఆంధ్ర సభ్యులు కూడా అప్పటికి ఆ సభలోనే ఉన్నారు. ఓట్లు అటు 138, ఇటు 138. సమానం కావడంతో తీర్మానం వీగిపోయింది. పథకం ఆపి నిపుణుల కమిటీకి పంపాలన్న రెండో తీర్మానం మాత్రం 139-137తో నెగ్గింది.

ఆర్.వి.పరులేకర్ అధ్యక్షతన కమిటీ వేశారు. నవంబరులో నివేదిక ఇచ్చింది. మొత్తమ్మీద పథకం మంచిదేనంది, కొన్ని మార్పులు చెప్పింది. కానీ అప్పటికే జనంలో దాని పని అయిపోయింది. ఎమ్మెల్యేలు రాజాజీకి దూరమయ్యారు. 1954 ఏప్రిల్ 13న ఆయన దిగిపోయారు. కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. మే 18న పథకం రద్దయినట్టు మంత్రి సి.సుబ్రమణ్యం ప్రకటించారు. ఆయన రాజాజీ మంత్రివర్గంలోనూ ఉన్నవారే. పథకం బతికింది ఏడాది కూడా కాదు.

రాజాజీని ద్వేషించేవారు చెప్పినట్టు ఆయన పేద పిల్లల చదువు చెడగొట్టాలనే చేశారనడానికి ఆయన జీవితం ఒప్పుకోదు. సేలంలో, ఆశ్రమంలో, ఆలయ ప్రవేశంలో దళితుల పక్షాన నిలిచిన మనిషి ఆయన. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. తొరపల్లి మునసబు తన చిన్న కొడుకును మూడు గంటల బడికి పంపి మిగతా పూట మునసబు లెక్కలు నేర్పి ఉంటే దేశానికి గవర్నర్ జనరల్ వచ్చేవాడా? హోసూరు బడి రోజంతా ఆయనకు దొరికింది. మిగతా పల్లె పిల్లలకూ అది దొరకాలని అడిగినవారిది న్యాయమే.

కామరాజ్ వేరే దారి పట్టారు. ఊరూరా బడి పెట్టించారు. పిల్లలు ఆకలితో మానేస్తున్నారని 1956లో మధ్యాహ్న భోజనం మొదలెట్టించారు. అంటే రాజాజీ చూసిన కష్టమే ఆయనా చూశారు. ఈయన బడి గంటలు తగ్గించారు, ఆయన బడిలో అన్నం పెట్టారు. పిల్లలు దేనికి వచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

చివరి ఇరవై ఏళ్ళు

పదవి పోయిన 1954లోనే రాజాజీకి భారతరత్న వచ్చింది. తమిళంలో రాసిన రామాయణానికి 1958లో సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. 1959లో, ఎనభయ్యేళ్ళు దాటాక, కాంగ్రెస్‌కు ఎదురుగా స్వతంత్ర పార్టీ పెట్టారు. ఒకప్పుడు హిందీని తప్పనిసరి చేసిన మనిషి 1965 నాటికి హిందీని రుద్దవద్దని వాదించారు. తన ఇంటి ముందు పికెటింగు చేసిన డీఎంకేతోనే 1967 ఎన్నికల్లో చేయి కలిపారు. ఆ ఎన్నికల్లో అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు. 1972 డిసెంబరు 25న 94 ఏళ్ళ వయసులో రాజాజీ కన్నుమూశారు. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇంటిని ప్రభుత్వం స్మారకంగా కాపాడుతోంది.

ఆనాటి బరువు.. ఈనాటికీ

ఆయన పోయాక జిల్లా హద్దులు మారాయి. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లా విడిపోయింది. హోసూరు పారిశ్రామిక పట్టణమైంది, 2019లో కార్పొరేషన్ అయింది. మారనిది అయ్యవారి పనుల జాబితా. పెరిగింది కూడా.

1982లో ఎంజీఆర్ పోషకాహార పథకం, 2022లో అల్పాహార పథకం వచ్చాయి. వండేవారు వేరే ఉన్నా పిల్లాడు తిన్నాడా లేదా అని చూసేది టీచరే. ఓటర్ల జాబితా, జనాభా లెక్కలు, ఆధార్, ఉచిత పుస్తకాలు, యూనిఫారాలు, కంప్యూటరులో రోజువారీ వివరాలు.. అన్నీ ఆ చేతుల మీదుగానే. తళి, అంచెట్టి వైపు అడవి అంచు ఊళ్ళలో పనిచేసేవారికి ఏనుగుల భయం అదనం. అమ్మాయి రెండు వారాలు బడికి రాకపోతే పెళ్ళి చేసేస్తున్నారేమోనని ముందుగా పసిగట్టాల్సిందీ వారే. ఫ్యాక్టరీ పనులకు బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒక్క ముక్క అర్థం కాకుండా బెంచీలో కూర్చుంటే వారిని దారిలో పెట్టాల్సిందీ వారే.

దీనికి ఒక హద్దు గీసింది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దని 27వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక బడిలో ముప్పైమందికి ఒక టీచరు ఉండాలనీ అదే చట్టం లెక్క. 1953లో ఇలాంటి గీత ఒకటి ఉంటే ఒకే మనిషికి రెండు జట్లు అప్పగించే పథకానికి మొదటి అడ్డు అక్కడే పడేది.

మన తెలుగు బడుల టీచర్లకు ఇంకో బాధ్యత ఉంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తొలి జట్టు పదో తరగతికి వచ్చిన 2016 నుంచి పరీక్ష మినహాయింపుల కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. పిల్లాడికి తమిళమూ రావాలి, తెలుగూ నిలవాలి. ఆ రెండు పనులూ చిన్న తరగతుల టీచరు చేతుల్లోనే మొదలవుతాయి. మాతృభాషలో ఎంతటి శాస్త్రమైనా చెప్పొచ్చని నమ్మిన రాజాజీ ఊరి పక్కనే ఈ పేచీ నడుస్తోంది.

హోసూరు చుట్టుపక్కల బడుల నుంచి తొరపల్లి ఇంటిని చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళే టీచర్లు గవర్నర్ జనరల్ బొమ్మ దగ్గర ఆగిపోకుండా ఒంటిపూట బడి కథ కూడా చెబితే బాగుంటుంది. ఊరి బడిలో పలక పట్టిన పిల్లాడు ఎంత దూరం వెళ్ళగలడో ఆ ఇల్లు చెబుతుంది. ఆ బడిలో ఒక పూట తగ్గితే ఎవరు ఆగిపోతారో ఆ కథ చెబుతుంది. పిల్లలకు రెండూ తెలియాలి.